అటకెక్కిన కంప్యూటర్‌ని కిందికి దించండి

దసరా ముందు ఇల్లు దులుపుతుంటే అటక మీద పాత కంప్యూటర్ కనబడింది. మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు అప్పుచేసి మరీ కొన్నాం. వాడు లాప్‌టాప్ పట్టుకుని బెంగుళూరు వెళ్ళిపోయాడు, ఇది అటకెక్కింది. "పాత సామాన్లవాడికి ఇచ్చెయ్, చోటు ఖాళీ అవుతుంది" అన్నారు మా ఆయన. నేనివ్వలేదు. ఇవాళ అది మా అత్తమ్మ పాటల పెట్టె. మీ ఇంట్లోనూ ఇలాంటిది ఓ మూలన పడివుంటే తొందరపడి తూకానికి వేయకండని చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

మేముండేది మేడ్చల్‌లో. అత్తమ్మ పుట్టిల్లు శామీర్‌పేట వైపు. చిన్నప్పుడు చెరువు కింద పొలాల్లో నాట్లేస్తూ పాడిన పాటలు ఆమెకి ఇప్పటికీ నోటికొచ్చు. ఆ పొలాల్లో చాలా మటుకు ప్లాట్లయిపోయాయి, పక్కనే ఔటర్ రింగురోడ్డు. నాటే లేకపోయాక నాటు పాట ఎక్కడుంటుంది చెప్పండి? డెబ్భై ఆరేళ్ళ ఆమె గొంతులో తప్ప! బతుకమ్మకి వీధివీధినా మైకులు మోగుతూనే ఉంటాయి కదా అంటారేమో. అవి స్టూడియో పాటలు. డప్పులూ కీబోర్డూ కలిపి అందరికీ ఒకే అచ్చులో పోసినవి. అత్తమ్మది వాళ్ళ వాడకట్టు పాట.

కొన్నేళ్ళ కిందట పరిశోధన అంటూ ఎవరో వచ్చి రెండు పూటలు ఆమెచేత పాడించుకున్నారు. కాపీ పంపుతామన్నారు. ఇంతవరకూ రాలేదు. ఆ కోపం నాకింకా పోలేదు. అందరూ అలాంటివాళ్ళని కాదు. బిరుదురాజు రామరాజుగారు 1950లలోనే జానపద గేయాల మీద ఉస్మానియాలో పరిశోధన చేశారు. వెల్చేరు నారాయణరావుగారు స్త్రీల రామాయణ పాటల మీద రాసిన ఇంగ్లీషు వ్యాసం 1991లో అచ్చయి, మన ఆడవాళ్ళ పాటలు లోకానికి తెలిశాయి. అయితే కాగితం మీద మాటలుంటాయి గానీ గొంతు ఉండదు. ఎక్కడ ఊపిరి తీసుకుంది, ఎక్కడ సాగదీసింది, ఎక్కడ నవ్వింది... అవి ఇంట్లోవాళ్ళమే దాచుకోవాలి.

"ఫోనుంది కదమ్మా" అంటాడు మా వాడు. ఉంది. పొలం గట్టు మీదో పెళ్ళి పందిట్లోనో ఫోనే గతి. కానీ ఫోన్లో తీసినవన్నీ ఏమయ్యాయి? ఫోను మారినప్పుడల్లా కొన్ని పోయాయి. ఇంట్లో ఒకచోట కుదురుగా ఉండే పెట్టె వేరు.

ఖర్చంటారా, కొత్త కంప్యూటర్‌తో పోలిస్తే చాలా తక్కువ. ముందు దుమ్ము దులిపించి, లోపలున్న ఫొటోలు వేరేచోట దాచాను. తర్వాత గరగరమనే పాత హార్డ్ డిస్క్ తీయించి ఎస్ఎస్‌డీ వేయించాను. దానితో చప్పుడు తగ్గింది, వేగమూ పెరిగింది. నాలుగు జీబీ ర్యామ్ ఉంది. ఒక మైకు, ఒక గొంతుకి అది చాలు. లోపలి బటన్ సెల్ కూడా మార్పించండి. అది అయిపోతే గడియారం వెనక్కి పోయి, నిన్న పాడిన పాటకి ఎప్పటిదో తేదీ పడుతుంది. విండోస్ 7కి కంపెనీ మద్దతు 2020 జనవరితో, విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబర్‌తో ఆగిపోయాయి. అందుకే బాగా నడిచేవి కూడా అటకెక్కుతున్నాయి. నేను లినక్స్ వేయించుకున్నాను. అదీ ఉచితమే, అందులో రికార్డింగ్‌కి వాడే ఆడాసిటీ కూడా ఉచితమే. ఇక ఇంటర్నెట్ అంటారా, పాటకి దానితో పనేముంది?

మొదట వెనకాల గులాబీరంగు కన్నంలో పాత మైకు పెడితే పాటకన్నా 'బుయ్'మన్న శబ్దమే ఎక్కువ. యూఎస్‌బీ మైకు కొన్నాక ఆ బాధ పోయింది. మైకు నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కకి ఉండాలి. లేకపోతే 'ప', 'భ' అన్నప్పుడల్లా ఫట్‌మంటుంది. గదిలో గొంతు మార్మోగకుండా బొంతలు వేలాడదీసి, చీరల బీరువా తలుపులు బార్లా తెరిచి పెట్టాను. ఫ్యాను బందు, కుక్కరు బందు. అన్నీ బందు చేశాక హకీంపేట నుంచి ఎయిర్‌ఫోర్స్ విమానం లేస్తుంది! దాన్నేం చేస్తాం, మళ్ళీ మొదలు.

ఒంటరిగా కూర్చోబెడితే అత్తమ్మకి పాట రాలేదు. "అందుకునేటోళ్ళు లేంది ఎట్ల పాడాలె?" అంది. పక్కింటి ఇద్దర్ని పిలిచాను. చప్పట్లు మొదలవగానే తెరమీద గీత ఎర్రబడింది. చప్పట్లకే ముందు లెవెల్ సరిచూసుకోవాలని అప్పుడు తెలిసింది. ఒకే మైకు గనుక మోనో చాలు, సెకనుకి 44,100 నమూనాలు, 16 బిట్లు. వేవ్ ఫైలుగా దాస్తే నిమిషానికి ఐదు ఎంబీ పైచిలుకు, గంట పాటలు 320 ఎంబీ లోపే. ఒక కాపీ ఇక్కడ, ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఆడబిడ్డ ఇంట్లో.

"నేనొచ్చినప్పుడు చేసిస్తా, నీకెందుకమ్మా" అన్నాడు అబ్బాయి. వాడొచ్చేది దసరాకీ సంక్రాంతికీ. పాలు పొంగకుండా మంట తగ్గించడం తెలిసినవాళ్ళకి లెవెల్ తగ్గించడం రాదా? నాకు వారంలో వచ్చేసింది.

ఇంకో సంగతి. 1902లో కలకత్తాలో గ్రామఫోన్ వాళ్ళకి పాడిన గౌహర్ జాన్ పాట చివర తన పేరు తానే చెప్పేది. జర్మనీలో రికార్డులు ముద్రించేవాళ్ళకి ఎవరి పాటో తెలియాలి కదా, అందుకట. మన పాటల పుస్తకాల్లో ఎన్నింటికి పాడిన ఆమె పేరుంది? అందుకే పాట అవగానే పేరు, ఊరు చెప్పమన్నాను అత్తమ్మని. మొదట ఫలానావాళ్ళ కోడల్ననే చెప్పింది. "నీ పేరు అత్తమ్మా" అంటే చెప్పింది గానీ, అంతసేపూ చప్పట్ల మీదుగా వినబడ్డ గొంతు అక్కడ ఎంత తగ్గిందంటే తెరమీద గీత లేవనేలేదు. మళ్ళీ చెప్పించాను.