ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు?

విశాఖపట్నం గోపాలపట్నంలో అద్దెకు ఇల్లు వెతుక్కునేవాడిని ఇంటావిడ ముందు పేరు అడగదు. “ఏటి చేస్తంటారు బాబూ?” అంటుంది. రైల్వేలోనా, స్టీల్‌ప్లాంటులోనా, నేవీలోనా, పోర్టులో కాంట్రాక్టు పనా? అడ్వాన్సు ఎంతన్నదీ, మర్యాద ఎంతన్నదీ ఆ జవాబునుబట్టే ఉంటుంది. ఈమధ్య వరసగా చదివిన నవలల్లోని మనుషుల్ని నేనూ అదే అడుగుతూ వచ్చాను. అవి ఒక జాతి పుస్తకాలు కావు. డిటెక్టివు, క్షుద్రం, ప్రేమకథ, అడవి కథ, పాత సాంఘికం. అన్నింటినీ ఒకే గాటన కట్టడానికి నాకు దొరికిన ప్రశ్న ఇదొక్కటే: ఈ మనిషి ఇంటి అద్దె ఎవరు కడుతున్నారు?

మొదట కొమ్మూరి సాంబశివరావు. డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంటు రాజు. శవం దొరకడమే ఆలస్యం, మద్రాసు రోడ్ల మీద కారు పరుగెడుతుంది. యుగంధర్ ఫీజు ఎవరిస్తున్నారో, పెట్రోలు ఎవరు పోయిస్తున్నారో మనకు పట్టదు, కొమ్మూరి పట్టనివ్వడు కూడా. ఆయన వాక్యం పొట్టిది, పని చేసే వాక్యం. ఇవాళ లావుపాటి నవలలు రాస్తున్నవాళ్లు కొందరు ఆయన దగ్గర ఆరునెలలు అప్రెంటిసు చేసినా తప్పులేదు. పుస్తకం మూశాక హంతకుడి పేరు తప్ప ఏదీ మిగలదన్నది నిజమే. అంతకుమించి ఇస్తానని ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

యండమూరి ‘తులసిదళం’ సంగతి వేరు. ఆంధ్రభూమి వారపత్రికలో అది సీరియల్‌గా వస్తున్న రోజుల్లో అందులోని క్షుద్రశక్తి కాష్మోరా పేరు వింటేనే ఇళ్లలో జడుసుకునేవారు. మూఢనమ్మకాలు పెంచే పుస్తకమని అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. నన్ను మటుకు ఈసారి క్షుద్రశక్తి కంటే ఆస్తి ఎక్కువ భయపెట్టింది. పసిపిల్ల పేరిట డబ్బు లేకపోతే ఆ పిల్ల మీద ప్రయోగమే లేదు. యండమూరి చదివింది చార్టర్డ్ అకౌంటెన్సీ. కథలో ఆ లెక్క ఎక్కడా తప్పలేదు. మధ్యలో వచ్చే శాస్త్ర ఉపన్యాసాలు మాత్రం పేజీలు తిప్పేశాను.

‘అల్పజీవి’ మన విశాఖ ప్లీడరు రావిశాస్త్రి 1950ల మొదట్లో రాసిన నవల. దాని పేరెత్తగానే విమర్శకులు చైతన్యస్రవంతి అంటారు, వెనకే జేమ్స్ జాయిస్‌ని తెస్తారు. తేనీండి. నాకు అందులో కనిపించింది గవరయ్య అనే కాంట్రాక్టరు డబ్బు. బావమరిది వెంకట్రావు కోసం సుబ్బయ్య గుమాస్తా ఆ డబ్బు అడుగుతాడు. అది అప్పో లంచమో అడిగినవాడికి తేలదు, ఇచ్చినవాడికి బాగా తెలుసు. అక్కడినుంచి ఆఫీసు, వీధి, భార్య సావిత్రి చూపు, అన్నీ గవరయ్య రూపమే ఎత్తుతాయి. సుబ్బయ్య మనసులో ఎడతెగకుండా పారేదంతా తలపోతలని మనం అనుకుంటాం, అది బాకీ. కోర్టులో అప్పులవాళ్లనీ పూచీ పడ్డవాళ్లనీ దగ్గరగా చూసినవాడికే ఇలాంటి గుమాస్తా దొరుకుతాడు.

పతంజలి ‘గోపాత్రుడు’ దగ్గర నా ప్రశ్న చెల్లలేదు. అలమండ రాజులకు అద్దె బాధ లేదు, ఆదాయం ఊసు లేదు, ఉన్నదల్లా పౌరుషం. భూమి ఏ ఆకారంలో ఉందన్నదాని మీద ఊళ్లో తగువు లేస్తుంది. పొట్ట పట్టుకుని నవ్వుతాం, కాసేపయ్యాక టీకొట్టు దగ్గర రోజూ మనం చేసేదీ ఇదే కదా అనిపిస్తుంది. ఉత్తరాంధ్ర మాటను ఇంత ఒడుపుగా పట్టిన నవల ఇంకోటి నేను చదవలేదు.

సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి ‘కొండపొలం’ 2019లో తానా బహుమతి అందుకుంది, 2021లో క్రిష్ చేతిలో సినిమా అయింది. ఇంజనీరింగ్ చదివి ఉద్యోగం రాని రవి, కరువుకాలంలో తండ్రి వెంట గొర్రెల్ని తోలుకుని నల్లమల ఎక్కుతాడు. ఇక్కడ అద్దె కట్టేది గొర్రె. ఒక్క జీవాన్ని పులి పట్టుకుపోతే ఆ ఇంటి లెక్క ఎంత తప్పుతుందో రచయితకు తెలుసు. భయస్తుడికి ధైర్యం వచ్చే తీరు మాత్రం ముందే ఊహకు అందిపోయింది.

ఇక ఉద్యోగం చేసే ఆడపిల్లలు ఇద్దరు. యద్దనపూడి సులోచనారాణి ‘సెక్రటరీ’ 1960ల నవల. జయంతికి జీతం కావాలి, అందుకే రాజశేఖరం దగ్గర చేరుతుంది. అక్కడిదాకా బాగుంది. ఆ కారు, ఆ హోదా కళ్లముందు తిరగడం మొదలయ్యాక జీతం సంగతి జయంతీ మరిచిపోయింది, రచయిత్రీ మరిచిపోయారు. యద్దనపూడిని వెక్కిరించేవాళ్లతో నేను కలవను. అంతమంది ఆడవాళ్ల చేత నవల పట్టించడం వెక్కిరించినంత సులువు కాదు. అయినా జయంతి ఆత్మాభిమానానికయ్యే ఖర్చు ఆమె జీతంలోంచి వస్తున్నట్టు నాకు అనిపించలేదు.

దానికి ముందు దశాబ్దంలోనే, ఈ విశాఖపట్నంలోనే, డాక్టర్ పి. శ్రీదేవి ఇందిరను నడిపించారు. ‘కాలాతీత వ్యక్తులు’ 1957లో గోరాశాస్త్రి సంపాదకుడిగా ఉన్న ‘తెలుగు స్వతంత్ర’లో సీరియల్‌గా వచ్చింది. ఇందిర ఉద్యోగస్తురాలు. తండ్రి ఆనందరావు కూతురి జీతం మీద బతుకుతాడు. చుట్టూ మెడిసిన్ చదివే ప్రకాశం, కష్టాల్లో ఉన్న కల్యాణి, సరదా మనిషి కృష్ణమూర్తి. ఎవరి ఖర్చు ఎవరు పెడుతున్నారో రచయిత్రి ఎక్కడా దాచలేదు. ఇందిరను స్వార్థపరురాలంటారు, గడుసుదంటారు. ఇల్లు నడిపేది ఆమె, నీతులు చెప్పేది మిగతా అందరూ. పెద్దవాళ్ల మాట దాటలేని ప్రకాశాన్ని మంచివాడనడం లోకానికి సులువు. అతని పిరికితనాన్ని మొదట పసిగట్టింది ఇందిరే. అంత చేసినా శ్రీదేవి ఆమెను శిక్షించలేదు, ఏడిపించి దారికి తేలేదు, తన పెళ్లి తననే తేల్చుకోనిచ్చారు. 1957లో అది చిన్న సాహసం కాదు. రెండో సగంలో చర్చలు ఎక్కువయ్యాయన్నది ఒప్పుకుంటాను. 1963లో ఈ నవల ఆధారంగా ‘చదువుకున్న అమ్మాయిలు’ తీశారు. సినిమా చూశాం కదా అని నవల మానకండి, ఈ పదును అందులో లేదు.

పైవాటిలో ఒక్కటే చదివే తీరిక ఉంటే ఇదే చదవండి. ఉద్యోగం చేసి ఇల్లు నడుపుతున్న ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే ముందు ఆమెకు ఇవ్వండి. శ్రీదేవి 1961లో, ముప్పై రెండేళ్లు నిండకుండానే పోయారు. ఆవిడ రాసిన నవల ఇదొక్కటే.