ఇంటికి వారంటీ అట!

మొన్న ఆదివారం హన్మకొండ నుంచి బాపు ఫోను. "ఎవలో పిల్లగాడు వచ్చిండు రా. ఇంటికంతటికీ వారంటీ అట. ఫ్రిజ్జు, ఏసీ, వాషింగ్ మిషను, గీజరు, నల్లాలు, కరెంటు, ఏది ఖరాబైనా వాళ్లే వచ్చి చేస్తరట. ఏడాదికి పన్నెండు వేలు. తీసుకోమంటవా?"

నేనేమో బెంగళూరులో, అమ్మా బాపూ ఇద్దరే అక్కడ. "తీసుకో బాపూ, పైసలు నేను పంపిస్తా" అని నోటిదాకా వచ్చింది. ఎందుకో ఆగి, కాగితాలు వాట్సాప్‌లో పెట్టమన్నాను. చదివాను. చదివాక వచ్చిన మంటే ఇదంతా.

మొత్తం పదకొండు పేజీలు. మొదటి పేజీలో నవ్వుతున్న ముసలి దంపతుల ఫొటో. అసలు కథ ఏడో పేజీలో. వోల్టేజీ హెచ్చుతగ్గుల వల్ల పాడైతే వర్తించదు. తుప్పు పట్టినా, వాడగా వాడగా అరిగినా వర్తించదు. ఎలుకలు వైర్లు కొరికితే వర్తించదు. ప్లాను తీసుకునేనాటికే లోపం ఉంటే వర్తించదు. గ్యాసు, ఫిల్టర్లు, రబ్బరు భాగాలు వర్తించవు. ఇవన్నీ పోగా వస్తువు ఇంకెందుకు పాడవుతుందండీ? మనమీద అలిగి పాడవ్వాలి :)

క్లయింటు ఎస్‌ఎల్‌ఏలో ఒక్క వాక్యం కోసం మూడు కాల్స్ పెట్టించే జనాలం మనం. అదే అమ్మానాన్నల ఇంటి విషయమొచ్చేసరికి చదవకుండా డబ్బు కట్టేస్తాం. ఎందుకంటే మనం కొనేది వారంటీ కాదు. "నేను అక్కడ లేను" అనే బాధకి మందు. ఆ కంపెనీవాడికి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు.

సరే, లెక్కకొద్దాం. మా బాపు రిటైరైన గుమాస్తా, రిపేరు ఖర్చు ప్రతిదీ డైరీలో రాస్తాడు. గత ఐదేళ్లవి చదవమన్నాను. ఫ్రిజ్జు 1,800. వాషింగ్ మిషను 2,200. ఏసీ గ్యాసు 3,000. గీజరు 900. నల్లాలు, పైపులు 2,500. మొత్తం 10,400. ప్లానుకి ఐదేళ్లలో కట్టాల్సింది 60,000! పైగా ఆ గ్యాసు 3,000 ఎలాగూ వాళ్లిచ్చేది కాదు.

ఇది మా ఇంటి అదృష్టం అనుకునేరు. ఇంజనీరింగులో రిలయబిలిటీ చదివినవాళ్లకి బాత్‌టబ్ కర్వ్ గుర్తుండే ఉంటుంది. తయారీ లోపాలున్న వస్తువులు కొన్న కొత్తలోనే ఎక్కువగా పాడవుతాయి, అది మామూలు వారంటీలోనే పోతుంది. తర్వాత చాలా ఏళ్లు గీత అడుగునే ఉంటుంది. చివర్లో అరుగుదలతో మళ్లీ పైకి లేస్తుంది. వీళ్లు అమ్మేది ఆ మధ్య అడుగు భాగాన్ని. చివరిదాన్ని 'అరుగుదల' అన్న ఒక్క మాటతో ఏడో పేజీలోనే కోసేశారు.

ఇక ఇంటి సంగతి. కొత్త అపార్టుమెంట్లు అమ్మేటప్పుడు కొందరు బిల్డర్లు "మేం ఐదేళ్ల వారంటీ ఇస్తున్నాం" అని దానం చేస్తున్నట్టు చెప్తారు. బాబూ, అది నువ్వివ్వక్కర్లేదు, చట్టమే ఇచ్చింది. 2016 నాటి రెరా చట్టం సెక్షన్ 14(3) చూడండి. ఇల్లు అప్పగించిన ఐదేళ్లలోపు కట్టడంలోగాని, పనితనంలోగాని, నాణ్యతలోగాని లోపం బయటపడి చెప్తే, బిల్డరు 30 రోజుల్లో పైసా తీసుకోకుండా సరిచేయాలి. లేదంటే పరిహారం. మా చిన్నాయన ఫ్లాటులో రెండో వానాకాలానికే గోడ చెమ్మెక్కింది. ఆయన ఏం చేశాడు? సొంత డబ్బుతో వాటర్‌ప్రూఫింగ్ చేయించుకున్నాడు! కాగితం మీద రాసి ఒక్క నోటీసు ఇవ్వలేదు. ఉచితంగా ఉన్న వారంటీ వాడుకోం, కొనుక్కునేదానికి ఎగబడతాం.

అయితే మేస్త్రీని పెట్టి సొంతంగా కట్టించుకున్న ఇళ్లకి ఈ సెక్షను పనికిరాదు. మా ఇల్లూ అలాంటిదే.

అలాంటి ఇళ్లకి అసలు భయం గీజరు కాదు, నీళ్లు. 2020 ఆగస్టులో, మళ్లీ 2023 జులైలో హన్మకొండ, వరంగల్ కాలనీలు మునిగాయి. నయీంనగర్ నాలా చుట్టుపక్కల వాళ్లనడగండి, చెప్తారు. ఆ ప్లానులో వరద కూడా 'వర్తించదు' జాబితాలోనే ఉంది. వరదకి కావలసింది వారంటీ కాదు, బీమా. 2021 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన నిబంధనతో సాధారణ బీమా కంపెనీలు 'భారత్ గృహ రక్ష' అనే ఒకే తరహా పాలసీ తెచ్చాయి. అగ్ని ప్రమాదం, వరద, తుఫాను, భూకంపం అందులో ఉంటాయి. ఇంటికి బీమా చేస్తే అందులో 20 శాతం దాకా, గరిష్ఠంగా 10 లక్షలకి, ఇంట్లో సామానుకి కూడా దానంతటదే వర్తిస్తుంది. మా ఇంటికి అడిగితే ఆ పన్నెండు వేలలో నాలుగో వంతు కూడా కాలేదు. మనం భరించగలిగే నష్టానికి బీమా ఎందుకు? భరించలేనిదానికి కదా కావాలి!

డల్లాస్‌లో ఉన్న క్లాస్‌మేటు "మా దగ్గర హోమ్ వారంటీ అందరూ తీసుకుంటారు కదరా" అన్నాడు. అక్కడ మనిషి ఇంటికొస్తేనే వాచిపోతుంది, సెంట్రల్ ఏసీ మారిస్తే వేల డాలర్లు. ఇల్లమ్మేవాడే మొదటి ఏడాదికి కొనిస్తే హాయిగా తీసుకోండి. కానీ వాళ్లకీ ప్రతి విజిట్‌కి ఫీజు ఉంది, 'ముందునుంచీ ఉన్న లోపం' అనే తప్పించుకునే దారీ ఉంది. సొంత డబ్బుతో రెన్యూ చేసేముందు వాడూ డైరీ తీయాలి.

ఒక్కటి మాత్రం ఒప్పుకోవాలి. అర్ధరాత్రి కరెంటు పోతే ఎవరికి ఫోను చేయాలో తెలియని పెద్దవాళ్లకి ఒక నంబరు ఉండటం చిన్న విషయం కాదు. ఆ నంబరుకి ఏడాదికి పన్నెండు వేలు అక్కర్లేదు. నేనేం చేశానంటే, బాపు చేతే వీధిలో తెలిసిన ఎలక్ట్రీషియను, ప్లంబరు, ఏసీ మెకానిక్కుల నంబర్లు పెద్దక్షరాలతో రాయించి ఫ్రిజ్జు తలుపుకి అంటింపజేశాను. ఇంటికి మంచి స్టెబిలైజరు. గృహ రక్ష పాలసీ. మిగిలింది బాపు పేర రికరింగ్ డిపాజిట్. ఏదీ పాడవకపోతే ఆ డబ్బు మాదే.

అంతా విన్నాక బాపు "గీ లెక్క నాకెరుకే గాని, నువ్వేమంటవోనని అడిగిన" అన్నాడు. అంటే తీసుకోమని ఉంటే నా మాట కాదనలేక తీసేసుకునేవాడన్నమాట!

కాదు, ఇవి పనికొచ్చేవే అంటారా? మీ ఇంటి ఐదేళ్ల బిల్లులు తీయండి, కూడండి, తర్వాత మాట్లాడుకుందాం.