పసుపు పట్టిన లెన్సు

క్రిందటి మాఘమాసమున మేమొక పాత కెమెరా లెన్సు కొని తెచ్చుకొంటిమి. వెల 5,500 రూపాయలు. చీటిపాటలో మిగిలిన సొమ్ము. ఇంటికి వచ్చి దానిని తెల్లని దుప్పటికి ఎదురుగా పట్టి చూచునప్పటికి, ఆ దుప్పటి పసుపునీళ్లలో ముంచి తీసినట్లు కనబడెను. పైగా లోపలి యద్దముమీద ఒక ప్రక్క సాలెగూటి పోగులవంటి బూజు. మా గుండె జారిపోయెను.

పచ్చళ్లును, పిల్లల జబ్బులును ముచ్చటించుకొను నీ పుటలో లెన్సుల ప్రసంగ మేల యని సోదరీమణులు కొందఱు నవ్వవచ్చును. కారణము చెప్పెదము. మా యత్తగారికి ఎనుబది మూడేండ్లు. ఆమె పదునాఱవ యేట కాపురమునకు వచ్చిన పల్లెటూరి యిల్లు అమ్ముడుపోయినది. వైశాఖము వెళ్లగానే కొన్నవారికి స్వాధీనము చేయవలెను. ఆ యింట నామె యొక్కతె తీయించుకొన్న ఫొటో యొక్కటియు లేదు. పెండ్లిండ్లలో పదిమంది వెనుక తలమాత్రము కనబడునవి మూడో నాలుగో కలవు. ఆ వంటయింటిలో, ఆ పొయ్యి యెదుట, ఆమెను కూర్చుండబెట్టి ఒక్క మంచి బొమ్మ తీయవలెనని మాకు పట్టుదల కలిగెను.

ఆ వంటయింటికి కిటికీ యొక్కటే. కంటి యాపరేషను జరిగినది మొదలు ఫ్లాషు వెలిగించినచో నామె కనులు గట్టిగా మూసికొనును. మా మఱదిగారి కుమారుని కొత్త కెమెరా మా కందుబాటులో నున్నదిగాని, దానితో వచ్చిన లెన్సు 50 మిల్లీమీటర్ల యొద్ద 5.6కు మించి ద్వారము తెఱువదు. 1.4 వఱకు తెఱచు లెన్సైనచో దానికంటె పదునాఱు రెట్ల వెలుతురు లోనికి వచ్చును. అట్టిది కొత్తది కొనుట మా తరము గాదు. అందువలన పాతదానికై వెదకి, జపానులోని ఆసాహీ కంపెనీవారు పెంటాక్సు కెమెరాలకై చేసిన సూపర్ టాకుమార్ అను 50 మిల్లీమీటర్ల లెన్సును కొంటిమి. దీని వెనుక మరచుట్టు 42 మిల్లీమీటర్ల వెడల్పు గలది. నడుమ నొక అడాప్టరు వలయమును బిగించినచో నేటి కెమెరాలకును పట్టును.

తప్పు మాది కూడ నున్నది. మేము పోయినది దీపాలు పెట్టిన తరువాత. అంగడిలోని దీపమే పసుపు వెలుగు. ఆ వెలుగులో పసుపు తెలుపులకు భేద మెట్లు తెలియును? వలయములు త్రిప్పి చూచితిమి, మెత్తగా తిరిగినవి. లోపలి రేకులు శుభ్రముగా మూసికొని తెఱచుకొన్నవి. అంతటితో తృప్తిపడితిమి. మఱునాడు తీసికొనిపోయి చూపగా అంగడివాడు, "అమ్మా, అది వెనుకటివారు పూసిన పూత; దానివలననే బొమ్మకు నిండుదనము వచ్చును" అనెను. అట్లైన తిరిగి తీసికొమ్మంటిమి. గడప దాటిన సరకు తిరిగి తీసికొనమనెను. మరమ్మతు చేయు మఱియొకడు చూచి, పసుపు గాజులోనిదే గనుక తుడిచిన పోదనియు, బూజు తుడుచుటకు మాత్రము 2,500 రూపాయలగుననియు చెప్పెను. ఇంటివా రేమియు ననలేదు. ఏమైన ననియున్నచో బాగుండెడిది.

పిమ్మట చదివి తెలిసికొనగా, అది పూత కానేకాదు; గాజులోనే కలిసియున్న థోరియమువలన వచ్చిన రంగు. థోరియ మనగానే ఎక్కడిదో యనుకొనవలదు. కేరళ, తమిళ, ఆంధ్ర సముద్రతీరముల యిసుకలో మోనజైటు అను ఖనిజము కలదు. అందులో నిది యున్నది. అంతకంటె దగ్గఱి చుట్టరికము మన పెండ్లిపందిళ్లలోనిది. విద్యుద్దీపములు లేని నాడు ఊరేగింపులలో తలమీద మోసిన పెట్రోమాక్సు దీపమును ఎఱుగని యిల్లాలుండదు గదా. ఆ దీపములో తెల్లగా వెలిగెడి మెత్తని సంచిని మాంటిలందుము. ఆస్ట్రియా దేశపు రసాయనశాస్త్రవేత్త కార్ల్ ఆయర్ ఫాన్ వెల్స్‌బాఖ్ 1891లో దానిని వాడుకకు దెచ్చెను. ఆ సంచికి పట్టించినది నూటికి తొంబదితొమ్మిది పాళ్లు థోరియము భస్మము, ఒక పాలు సీరియము భస్మము. మన పెండ్లికూతుండ్ర ముఖముల మీద వెలుగు ప్రసరింపజేసిన వస్తువే తరువాత లెన్సులలో జేరినదన్నమాట.

గాజులో దాని ననేల కలిపిరి? థోరియము కలిసిన గాజు వెలుతురును బాగుగా వంచును. అట్లు వంచుచును రంగులను విడదీసి చెదరగొట్టదు. రెండు గుణములును ఒక్కచో నుండుట అరుదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున విమానములనుండి ఫొటోలు తీయుటకై కొడక్ కంపెనీవారు చేసిన ఏరో-ఎక్టార్ లెన్సులలోను ఇట్టి గాజే వాడిరి. మా లెన్సు 1960 తరువాతి సంవత్సరములలోనిది. ఏడు అద్దముల కూర్పు. థోరియపు గాజు వెనుకభాగమున నున్నది. తరువాతి కాలమున లాంథనము కలిపిన గాజులు దీనికి బదులుగా వాడుకకు వచ్చినవి.

థోరియమునుండి సదా కిరణములు వెలువడుచుండును. దానిలో సగము తఱిగిపోవుటకే సుమారు 1,405 కోట్ల సంవత్సరములు పట్టును. ఆ కిరణముల తాకిడికి గాజులోపల సూక్ష్మమైన మార్పులు కలిగి, ఏండ్లు గడచిన కొలది పసుపుదనము పేరుకొనును. దీనివలన నపాయము లేదా యని మా యత్తగారే మొదట నడిగిరి. కెమెరాకు తగిలించి బొమ్మలు తీసికొన్నంతమాత్రమున భయము లేదు. దూరమైన కొలది కిరణముల బలము త్వరగా తగ్గిపోవును. అయితే దానిని కంటికి ఆనించి గంటలకొలది చూడరాదు. గాజును అరగదీయరాదు, పగులగొట్టరాదు. పసిపిల్లలకు ఆటవస్తువుగా నీయరాదు.

ఇక మందు. చెప్పిన నవ్వుదురు. ఎండ! సూర్యరశ్మిలోని అతినీలలోహిత కిరణములు తగిలిన కొలది ఆ పసుపు విఱిగిపోవును. వడియములు పెట్టుట యెఱిగినవారికి ఈ వైద్యము కష్టము గాదని సంతోషించి, మొదటి దినమున దానిని డాబామీద చాపపై గోడకు వాల్చి పెట్టి క్రిందికి వచ్చితిమి. పావుగంటలో కమురు వాసన. లెన్సన్నది భూతద్దమే గదా! దాని వెనుక రెండంగుళముల దూరమున ఎండ యంతయు ఒక చుక్కగా గుమిగూడి చాపను కాల్చుచుండెను. ప్రక్కతీగెమీద చీరలు ఆఱుచున్నవి. ఆ దినమున మేము పైకి పోక పోయినచో నేమయ్యెడిదో తలచుకొనుటకు భయము. అందుచేత ఈ పని చేయదలచిన సోదరీమణులకు మొట్టమొదటి హెచ్చరిక యిదే: చాప, బట్ట, కాగితము, కొయ్య వీని దాపున లెన్సును ఎండలో నుంచరాదు, విడిచి పోరాదు.

మఱునాటినుండి స్టీలు కంచములో అల్యూమినియపు రేకుకాగితము పఱచి, వెనుకభాగము పైకివచ్చునట్లు లెన్సును నిలువుగా బోర్లించితిమి. ఉదయము ఏడు మొదలు తొమ్మిదిన్నరవఱకు మాత్రమే. ప్రక్కనే కూర్చుండి బియ్యము ఏఱుకొనుచు కాపలా కాచితిమి. మధ్యాహ్నపు టెండ పనికిరాదు. వేడికి లోపలి కందెన కరగి రేకులమీదికి ప్రాకును. అద్దముల నతికించిన బంక విడిపోవచ్చును. దినదినమును తెల్లకాగితముమీద నుంచి చూచెడివారము. మొదట పసుపుకొమ్ము, నాలుగవనాటికి చామంతి, పదునొకండవ నాటికి నిమ్మపండు, పందొమ్మిదవనాటికి పలుచని గంజివలె మిగిలెను. అంతటితో ఆపితిమి.

ఆ పందొమ్మిది దినములును మా యత్తగారు డాబామీద మాతో కూర్చుండెడివారు. కంటిలో పువ్వు వచ్చినప్పుడు ఆమెకును లోకము ఇట్లే పసుపుపచ్చగా నుండెడిదట. కంటిలోని సహజమైన లెన్సు వయసుతో పచ్చబడును. డాక్టర్లు దానిని తీసి వేఱొకటి పెట్టిన తరువాత తెల్లనివి నీలిగా కనబడునని చాలమంది చెప్పుదురు. ఆపరేషను మఱునాడు ఆమె తన తెల్లచీరను చూచి, నీలిమందు ఎక్కువ పెట్టితివని మమ్ము గోపించిన సంగతి జ్ఞప్తికి వచ్చి యిద్దఱమును నవ్వుకొంటిమి. "అమ్మాయీ, ముందే తెలిసినచో నన్నును ఇట్లే ఎండలో కూర్చుండబెట్టెడిదానవు. ఆపరేషను ఖర్చు తప్పెడిది" అనిరి. "అత్తయ్యగారూ, ఎండ కంటికి చెఱుపే చేయును" అంటిమి. "నీ లెన్సే నయము" అనిరి.

బూజు పని వేఱు. అది ప్రాణమున్నది, తేమ యున్నచోట పెరుగును, వేరుల పులుసుతో గాజుపూతను తినివేయును. ముందరి వలయమును రబ్బరు బిరడాతో నదిమి త్రిప్పగా ఊడివచ్చెను. దాని క్రింద మూడు చిన్న మరమేకులు కనబడినవి. మే మక్కడనే ఆగియుండవలసినది. బూజున్న అద్దమునకును వానికిని సంబంధము లేదని తెలియక వానినిగూడ వదలు చేసితిమి. వెంటనే ఫోకసు వలయము పట్టుదప్పి గిఱ్ఱున తిరుగసాగెను. దూరపువస్తువులకై గుర్తుపెట్టిన అనంతపు గీటు ఎక్కడిదో యక్కడ లేకుండ బోయినది. ఆ రాత్రి నిద్ర లేదు. ఎండలో బాగుపడినదానిని మా చేజేతుల పాడుచేసితిమిగదా యని పశ్చాత్తాపము.

బూజును మాత్రము మఱునాడు నెమ్మదిగా తీసితిమి. ముందు రబ్బరు బుడ్డితో ధూళి నూదవలెను. ధూళి యుండగా తుడిచినచో గీతలు పడును. ఐసోప్రొపైల్ ఆల్కహాలును లెన్సు తుడుచు పలుచని కాగితముమీద ఒక చుక్క వేసి, నడుమనుండి అంచునకు చుట్టలు చుట్టినట్లు తుడువవలెను. ద్రవమును గాజుమీద పోయరాదు. అంచుగుండ లోనికి దిగును. పైట చెఱగు బొత్తిగా కూడదు. పోగులన్నియు పోయినవి; కొసను గోటి గిచ్చంత మచ్చ మిగిలెను. అక్కడ పూత తినివేయబడినది గనుక అది యిక పోదు.

అనంతపు గీటుకు మందు మా మఱదిగారి కుమారుడు చెప్పెను. లెన్సును కెమెరాకు తగిలించి, డాబామీదినుండి రెండు క్రోసుల దూరముననున్న సెల్‌ఫోను స్తంభమును చూచుచు, కెమెరా తెరమీద బొమ్మను పెద్దది చేసికొని, స్తంభపు కమ్ములు విడివిడిగా కనబడువఱకు లోపలి గొట్టమును త్రిప్పవలెను. అప్పుడది కదలకుండ పట్టుకొని, పై వలయమును అనంతపు గుర్తునకు తెచ్చి మూడు మరమేకులును బిగింపవలెను. మూడవ ప్రయత్నమున కుదిరెను. లెన్సు విప్పువా రెవరైనను ప్రతి మరమేకును తీయుటకు ముందు సెల్‌ఫోనుతో నొక ఫొటో తీసికొని, మరమేకులను వరుసగా పోపులపెట్టె గిన్నెలలో వేసికొనుట మేలు. స్క్రూడ్రైవరు గంటుకు సరిపోవు కొలతది కావలెను. కాకున్న తల అరగిపోయి ఎన్నటికిని రాదు.

పాత లెన్సు కొనదలచినవారు పగటివేళ పోవలెను. తెల్లకాగిత మొకటి చేతిసంచిలో నుంచుకొనవలెను. ద్వారము పూర్తిగా తెఱచి, ఒకవైపునుండి సెల్‌ఫోను దీపము వేసి రెండవవైపునుండి వాలుగా చూచినచో బూజు, మసక, గీతలు బయటపడును. కొద్ది ధూళికి జంకనక్కఱలేదు. అద్దముల నడుమ అతుకు విడిపోయినచో మాత్రము ఎంత చౌకయైనను విడిచి రావలెను. తిరిగి తీసికొందునని రసీదుమీద వ్రాసి యీయని వానియొద్ద మేమింక కొనము.

చైత్రము చివరి వారమున పల్లెకు పోయితిమి. ఉదయము ఎనిమిది గంటలకు కిటికీవెలుగు పొయ్యిమీదికి వచ్చును. అత్తగారు పీటమీద కూర్చుండి, బొమ్మ సంగతి మఱచి, చింతపండు పిసుకుచున్నారు. ద్వారము 1.4కు తెఱచితిమి. అంత తెఱచినచో స్పష్టముగా నుండు మేర మిక్కిలి తక్కువ. కంటిమీద గుఱి పెట్టినచో చెవి మసకబాఱును. ఇరువది ముప్పది తీయగా రెండు కుదిరినవి. ఒకదానిలో చేతులు, రెండవదానిలో ముఖము. తెల్లచీర తెల్లగానే వచ్చినది. బూజుమచ్చ బొమ్మలో ఎక్కడను కనబడలేదు.

పెద్దది చేయించి చూపగా నామె తన ముఖమును చూచుకొననే లేదు. వెనుకనున్న మసిగోడను, దానిమీద ఎప్పుడో పిల్లల యెత్తులు కొలిచి బొగ్గుతో గీచిన గీతలను వ్రేలితో చూపి, ఏ గీత యెవరిదో ఒక్కొక్కటిగా చెప్పుకొని వచ్చిరి. మూడవ గీత మా యింటివారిది. ఆ గీతలు ఫొటోలో నున్నవని మేమంతవఱకును గమనింపలేదు. ఇల్లు కొన్నవారు జ్యేష్ఠమున సున్నము కొట్టించిరి.

లెన్సు ఇప్పుడు మూత గట్టిగా పట్టు డబ్బాలో సిలికాజెల్ పొట్లములతో నున్నది. బియ్యపు డబ్బాలో పెట్టుమని ఒకరు చెప్పిరిగాని, అందులో నూకయు ధూళియు ఎక్కువ. థోరియము తన పని మానదు గనుక చీకటిలో నుండగా పసుపు మరల మెల్లగా పేరుకొనును. వచ్చే వేసవిలో మిరపకాయ లెండబెట్టునప్పుడు దీనినిగూడ డాబామీదికి తీసికొనిపోవలెను. చాప మాత్రము పరువము.