మన కథల్లో కోటలన్నీ యూరప్‌వేనా?

మన క్లబ్‌కి వచ్చే ఫాంటసీ కథలు చదివితే నాకో అనుమానం వస్తుంది. ముక్కలైన రాజ్యాలు, వాటిని ఒక్కటి చేసే చక్రవర్తి, డ్యూకులు, మంచులో కోట, చివర్లో ఒక పెద్ద యుద్ధం. అంతా బూడిద. రాసేది చూస్తే మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు మనమే! మంచు ఎప్పుడు చూశాం మనం? (హార్స్‌లీ హిల్స్ పొగమంచు లెక్కలోకి రాదు.)

రాజ్యం లేచి పడిన కథ మన దగ్గరే ఉంది. 1336లో మొదలైన విజయనగరం దక్షిణాదిని చాలావరకు ఒకే గొడుగు కిందికి తెచ్చింది. రాజు నాయకులకి భూములిస్తాడు, వాళ్లు సైన్యాన్ని పోషించి యుద్ధానికి తేవాలి. యూరప్ పద్ధతికి దగ్గరి చుట్టమే. 1565లో తళ్లికోట దగ్గర ఓడాక రాజధాని పెనుకొండకి, తర్వాత చంద్రగిరికి జరిగింది.

మనవాళ్లయితే ఓటమి దగ్గరే 'సమాప్తం' రాసేస్తారు. నాకు మాత్రం అసలు కథ ఆ తర్వాతే అనిపిస్తుంది. పైన రాజు బలం తగ్గేకొద్దీ కింద పాలెగాళ్లు బలిశారు. కోట వాళ్లదే, కావలి వాళ్లదే, కావలి పేరుతో వసూలయ్యే డబ్బూ వాళ్లదే.

1800లో నిజాం కడప, బళ్లారి ప్రాంతాలని కంపెనీకి వదిలేశాడు. 1807 దాకా ఇక్కడ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల నడ్డి విరిచి, రైతుతోనే నేరుగా శిస్తు లెక్క కుదుర్చుకునే పద్ధతి పెట్టాడు. అప్పట్లో కడప జిల్లాలో ఉన్న మదనపల్లె ఆ దారిలో పోయింది. నార్త్ ఆర్కాట్‌లోని పుంగనూరు, కుప్పం వైపు కంగుంది మాత్రం జమీందారీలుగా మిగిలాయి. మదనపల్లె నుంచి పుంగనూరు ఎంత దూరం? ఇక్కడి రైతు శిస్తు సర్కారుకి, అక్కడి రైతుది జమీందారుకి. 1911లో మదనపల్లె చిత్తూరు జిల్లాలో కలిసినా ఆ తేడా అలాగే ఉంది. అది పోవడానికి 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం రావాల్సి వచ్చింది. తళ్లికోట తర్వాత 383 ఏళ్లు!

పాలెగాడు అనగానే సినిమాల్లో గుర్రం, కత్తి, స్లో మోషన్. నాకా ఎలివేషన్లు నచ్చవు. శిస్తు కట్టినోడు ఏ షాట్‌లోనూ కనపడడు.

వచ్చే సంచికకి ఎవరైనా కంగుంది కోట కింద పొలం ఉన్న రైతు మీద రాయండి. 1948 చట్టం వచ్చింది, పట్టా ఇంకా చేతికి రాలేదు, వానలు మొదలయ్యాయి. డ్రాగన్ కావాలంటే పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు.