పాత యుద్ధవిమానములు - ప్రజల సొత్తు

2025వ సంవత్సరము సెప్టెంబరు 26వ తేదీన చండీగఢ్ స్థావరమునందు భారత వైమానికదళము మిగ్-21 విమానములకు తుది వీడ్కోలు పలికినది. 1963లో మన దళమున చేరిన యీ జాతి విమానములు 62 సంవత్సరములు దేశరక్షణమునందు పాలుగొన్నవి. 1971 యుద్ధమున విజయమునకు తోడ్పడినవి. శాంతికాలపు ప్రమాదములలో మన యువకుల ప్రాణములను పెక్కింటిని బలిగొని యపకీర్తిని సైతము మూటగట్టుకొన్నవి. సభ జరిగినది, ఉపన్యాసములు ముగిసినవి, పత్రికలు చిత్రములను ప్రకటించినవి. ఇక నా విమానముల గతి యేమి యను ప్రశ్న మాత్రము సభతోపాటు ముగిసిపోరాదని మా యభిప్రాయము.

నేడు ఏ రచ్చబండకడ నిలిచినను, ఏ వకీలు వసారాలో కూర్చున్నను మాటలు వేరు విషయములపై సాగుచున్నవి. ధాన్యమునకు గిట్టుబాటు ధర లేదని రైతు వాపోవును. పప్పులు, నూనెలు కొనలేకున్నానని పట్టణవాసి మొరపెట్టును. పట్టము పుచ్చుకొన్న కుమారునకు ఉద్యోగము దొరకలేదని తండ్రి నిట్టూర్చును. పన్నుల భారము మోయలేమని వర్తకుడు విసుగుకొనును. ఇట్టి కాలమున పాతబడిన యుద్ధవిమానములను కాపాడవలెనని యెవరైన ననినచో, "కూటికి లేనివానికి కుంకుమపూవు ఏల?" యను ఎదురుప్రశ్న పుట్టుట సహజము. అట్లడుగువారిని మేము తప్పుపట్టము. ప్రజాధనమున ప్రతి కాసునకు లెక్క యడుగుట పౌరుని ధర్మము. కాని లెక్క యడుగ మొదలిడినచో తొలిపుటనుండియే యడుగవలెను. ఈ విమానము లెవరి ధనముతో వచ్చినవి? ఎవరి చేతిపనిచే బ్రతికినవి? ఎవరి యజాగ్రత్తచే చేజారినవి? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకినచో ఇది తుక్కు ఇనుము సంగతి కాదనియు, పోగొట్టుకొన్న ఆస్తి సంగతి యనియు తేటపడును.

మొదట మనవారికి దగ్గరిచుట్టమైన యొక విమానమును చూతము. మొదటి ప్రపంచయుద్ధ కాలమున హైదరాబాదు నిజాము బ్రిటిషువారి 110వ దళమునకు విమానములను సమకూర్చుటకై ధనమిచ్చెను. అందుచే దానికి హైదరాబాదు దళమను పేరు వచ్చినది. ఆ దళమునకు చెందిన డి.హెచ్. 9ఏ జాతి బాంబు విమానములలో ఎఫ్ 1010 సంఖ్యగలది 1918 అక్టోబరు 5వ తేదీన జర్మనీపై దాడికి పోయి శత్రువుల చేజిక్కినది. జర్మనులు దానిని బెర్లిను నగరమున ప్రదర్శనమున కుంచిరి. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అది పోలండునకు చేరినది. 1977లో బ్రిటిషు వైమానికదళపు మ్యూజియమువారు ఒక స్పిట్‌ఫైరు విమానమును పోలండువారి కిచ్చి, మార్పిడిగా దీనిని తెచ్చుకొనిరి. పోయిన 59 సంవత్సరములకు సైతము తమ దళపు విమానమును వారు మరువలేదు. నిజాము ఖజానాలోని ధన మెక్కడిది? తెలంగాణమునందును, మరాట్వాడా, కన్నడ జిల్లాలయందును రైతు చెల్లించిన శిస్తే కదా! రెండవ యుద్ధమునందును 152, 253 దళములు హైదరాబాదు పేరును, 234, 264 దళములు చెన్నరాజధాని పేరును వహించినవి. ధనమిచ్చిన పేరు మనది, దాచుకొన్న శ్రద్ధ వారిది. ఇందు బ్రిటిషువారిని నిందించి ప్రయోజనము లేదు. వారిని చూచి సిగ్గుపడుట మేలు.

ధనముమాట యట్లుండగా, చేతిపనిమాట యింతకంటె గొప్పది. యుద్ధము ముగిసినపిమ్మట బ్రిటిషువారు పెక్కు లిబరేటరు బాంబు విమానములను కాన్పూరున విడిచిరి. విడుచుటకు ముందు అవి మరెవరికి నుపయోగపడకుండునట్లు చెడగొట్టిపోయిరి. క్రొత్తగా స్వతంత్రమైన దేశమునకు పెద్ద బాంబు విమానములు లేవు, కొనుటకు ధనమును లేదు. 1940లో వాల్‌చంద్ హీరాచందు మైసూరు ప్రభుత్వపు తోడ్పాటుతో బెంగుళూరున స్థాపించిన విమాన కర్మాగారపు పనివారు 1948లో ఆ విమానముల శ్మశానములో ప్రవేశించిరి. ఒకదాని యంగము తీసి వేరొకదానికి తగిలించి, బెంగుళూరువరకు ఎగురుటకు చాలినంతమట్టుకు చక్కజేసి, అచ్చట సంపూర్ణముగ బాగుచేసిరి. ఇట్లు 40కి పైగా విమానములకు ప్రాణము వచ్చినది. వానితో 1948 నవంబరున 5వ దళ మేర్పడినది. 1968 వరకు లిబరేటరులు మన వైమానికదళమున పనిచేసినవి, సముద్రముపై గస్తీ తిరిగినవి. పనికిరావని పారవేసినవానిని ఇరువది యేండ్లు పనిచేయించిన మన పనివారి నైపుణ్యమునకు ఇంతకంటె సాక్ష్యము వేరొకటి కావలెనా?

అమెరికావారు 18,000కు పైగా లిబరేటరులను నిర్మించిరి. నేడు ప్రపంచమందెల్ల మిగిలినవానిని వ్రేళ్లపై లెక్కింపవచ్చును. అట్లు మిగిలినవానిలో పెద్దపాలు కాన్పూరు శ్మశానమునుండి మనవారు లేపినవే. బ్రిటిషు వైమానికదళపు మ్యూజియమునందును, అమెరికాలో ఆరిజోనా రాష్ట్రపు పీమా మ్యూజియమునందును, కెనడా రాజధానియైన అట్టావాయందును నున్నవి మన దేశమునుండి పోయినవి. మనవద్దనుండి పోయిన వేరొకటి 1989లో అమెరికాలో మరల నెగిరి, ముప్పది సంవత్సరములపాటు ఊరూర ప్రదర్శింపబడినది. ఢిల్లీ పాలంలోని మన మ్యూజియమున నొక్కటి నిలిచియున్నది. ప్రపంచమునకు లిబరేటరులను దక్కించిన దేశము భారతదేశమను మాట మన పాఠశాలలలో ఎంతమంది బాలురకు తెలియును?

ఇక అజాగ్రత్తమాట. మన విమానక్షేత్రముల యంచులయందు ఎండకు ఎండి వానకు తడిసిన స్పిట్‌ఫైరులను, టెంపెస్టులను 1970 ప్రాంతములందు విదేశీయులు కొని యింగ్లండునకు తరలించుకొనిపోయిరి. వానిలో కొన్ని అచ్చట మరల ఆకాశమున కెగిరినవి. మనకు తుక్కు, వారికి నిధి. డకోటాల కథ యింతకంటె కనువిప్పు. 1947 అక్టోబరు 27వ తేదీన సిక్కు పటాలపు సైనికులను శ్రీనగరమున దింపినవి డకోటాలు. ఆనాడవి లేకున్నచో కాశ్మీరపు చరిత్ర మరొకవిధముగా నుండెడిది. అట్టి విమానమును మన ఆకాశమున మరల చూచుటకు 2018 వరకు వేచియుండవలసి వచ్చినది. విదేశమున తుక్కు కానున్న యొక డకోటాను శ్రీ రాజీవ్ చంద్రశేఖర్ కొని, ఇంగ్లండున బాగుచేయించి, వైమానికదళమునకు కానుకగా నొసంగిరి. శ్రీనగరపు డకోటా సంఖ్యయైన వీపీ 905 దానిపై వ్రాసి, పరశురామ యని పేరిడిరి. దాత శ్లాఘనీయుడు. అయినను, పాడుచేసిన లిబరేటరులను 1948లో స్వయముగ బ్రతికించుకొన్న దేశము, 2018లో ఒక డకోటాకై యితరదేశపు కార్ఖానాను ఆశ్రయింపవలసివచ్చుట ఆలోచింపదగిన విషయము కాదా? పోయినది విమానము మాత్రము కాదు. విమానముతో నైపుణ్యమును పోయినది.

ఈ నష్టమునకు చట్టమునందలి లోపమును కొంత కారణము. పురావస్తువులను, కళానిధులను గూర్చిన 1972 సంవత్సరపు చట్టము సామాన్యముగా నూరు సంవత్సరములకు తక్కువకాని వస్తువులనే పురావస్తువులుగా పరిగణించుచున్నది. 1940 ప్రాంతపు విమానమునకు ఆ రక్ష లేదు. నూరేండ్లు నిండువరకు అది వేలమునకు దిగదగిన సామానే. నూరేండ్లు నిండునప్పటికి అది మిగిలియుండవలెను గదా! పండుటకు ముందే చేను మేసినచో కావలివాని నియమించి ఫలమేమి? 1933 ఏప్రిలు 1వ తేదీన మన దళము నాలుగు వాపిటి విమానములతో కరాచీకడ ప్రారంభమైనది. నేడు ప్రపంచమున మిగిలిన వాపిటి పాలంలోని దొక్కటియే. ఆ యొక్కటి దక్కుట చట్టముచే గాదు, ఎవరో కొందరి యభిమానముచే.

విమానములను ఎగురనిచ్చుటయా, నిలిపియుంచుటయా యనునది వేరు చర్చ. మన దేవాలయపు రథమును చూడుడు. సంవత్సరమంతయు అది చావడిలో నుండును. ఉత్సవమునాడు వీథులలో సాగును. ఏటేట లాగబడుటచేతనే ఇరుసు పట్టు వడ్రంగికి తెలియును, చీలలు సడలినచోటు కమ్మరికి కనబడును. పదేండ్లు లాగని రథమునకు చెదలు పట్టును. దానికంటె ముందు దానిని బాగుచేయు చేతులు కనుమరుగగును. విమానమును అట్టిదే. ఈ కారణముచేతనే 1957 మొదలు బ్రిటిషువారు తమ వైమానికదళముననే పాత విమానముల కొక విభాగము నుంచిరి. నిర్మింపబడిన 7,377 లాంకాస్టరులలో ఎగురుటకు తగిన స్థితియందు నిలుపబడిన రెండింటిలో నొకటి యా విభాగముదే. మన వైమానికదళమును టైగర్‌మాత్, హార్వర్డు, డకోటాలతో నట్టి విభాగము నేర్పరచుకొన్నది. ఇది సంతోషింపదగినది.

అయినను ఉత్సాహము వివేకమును మించరాదు. 2019 అక్టోబరున అమెరికాలో ప్రేక్షకులను ఎక్కించుకొనిన పాత బి-17 విమానము కూలి ఏడుగురు మరణించిరి. 2022 నవంబరున డాలసు నగరమున రెండు పాత విమానములు ఆకాశమున ఢీకొని ఆరుగురు మరణించిరి. కావున లోహము డస్సిన విమానముల నెగురవేయరాదు. ప్రాణమునకు మించిన ప్రదర్శనము లేదు. చక్కని స్థితిలోనున్న కొన్నింటిని, తగిన నిపుణుల చేతులలో, జనసమూహములకు దూరముగా నెగురనిచ్చి, తక్కినవానిని కప్పుక్రింద భద్రపరచుట మధ్యేమార్గము.

కప్పుక్రింద నను మాట మేము కావలెననియే వ్రాయుచున్నాము. విశాఖపట్టణపు సముద్రతీరమున నౌకాదళపు టి.యు.-142 విమానమును 2017లో మ్యూజియముగా నిలిపిరి. 29 సంవత్సరములు సముద్రముపై గస్తీ తిరిగిన ఆ జాతి విమానమును కుటుంబసమేతముగా పోయి చూచివచ్చు ఆంధ్రులు వేలకొలది. ఇది మెచ్చదగిన కార్యము. కాని సముద్రపు ఉప్పుగాలి పెనుశత్రువు. తీరగ్రామములలో ఇంటి కిటికీ చువ్వలు నాలుగేండ్లలో నేమగునో మన పాఠకుల కెరుకయే. ఆరంభోత్సవమునకు చేసిన వ్యయముకంటె ఏటేట రంగునకును, తుప్పు గీకుటకును చేయు వ్యయము ముఖ్యము. ఊరూర కూడలులలో దిమ్మెలపై నెక్కించిన విమానములకును ఇదే హెచ్చరిక. దిమ్మెపై నెక్కించి మరచుట కాపాడుట కాదు.

యుద్ధసాధనములను గౌరవించుట యుద్ధమును గౌరవించుట కాదాయని శాంతికాములు ప్రశ్నింపవచ్చును. 1942 ఏప్రిలు 6వ తేదీన విశాఖపట్టణముపైనను, కాకినాడపైనను జపానువారు బాంబులు వేసిన విషయము మనవారు మరువలేదు. మరుసటియేట, యుద్ధమునకు కోట్లు వ్యయమగుచుండగా, వంగదేశమున లక్షలకొలది జనులు అన్నము లేక మరణించిరి. ఈ విమానములయెదుట ఆ కథలను సైతము వ్రాసియుంచవలెను. మ్యూజియము గుడి కాదు, కరణముగారి చిట్టావంటిది. జమ, ఖర్చు రెండును అందుండవలెను. మిగ్-21 యెదుట దాని విజయములతోపాటు దానియందు మరణించిన వైమానికుల పేళ్లను సైతము చెక్కించుట న్యాయము.

వ్యయమును గూర్చి తుదిమాట. 2025-26 సంవత్సరపు ఆయవ్యయ పట్టికయందు రక్షణకు 6,81,000 కోట్ల రూపాయలకు మించి కేటాయింపబడినది. ఈ మహాసముద్రమునుండి పాత విమానముల రక్షణకు కావలసినది చేరెడు నీరు. ఆ చేరెడు నీరు మానినంతమాత్రమున రైతు ధాన్యమునకు ధర పెరుగదు, నిరుద్యోగికి పని దొరకదు. సక్రమముగ వెచ్చించినచో కొన్ని వందలమంది యువకులకు లోహపుపని, యంత్రపుపని నేర్పు పాఠశాల యగును. విమానములను స్వదేశముననే నిర్మింపవలెనని నిత్యము పలుకు ప్రభుత్వమునకు ఇంతకంటె చవుకయైన పాఠశాల దొరకదు.

కావున ప్రభుత్వము చేయవలసిన పనులు నాలుగు. దేశమునందలి పాత సైనిక విమానముల కన్నింటికి ఒక పట్టిక తయారుచేసి ప్రకటింపవలెను. నూరేండ్ల నియమమును సవరించి, యంత్రములకు తక్కువ వయస్సుననే చట్టరక్ష కల్పింపవలెను. మిగ్-21లలో మేలైనవానిని కొన్నింటిని వాని దస్త్రములతో, విడిభాగములతో సహా నేడే వేరుపరచవలెను. వానిని నడిపినవారును, బాగుచేసినవారును జీవించియుండగనే వారి యనుభవములను వ్రాయించి భద్రపరచవలెను. ఇందు చివరిది అన్నింటికంటె త్వరితము. ఇనుము తుప్పుపట్టుటకు కొంతకాలము పట్టును. మనుష్యుని జ్ఞాపకము అతనితోడనే పోవును.

హైదరాబాదు పేరు మోసిన విమానమును పరులు మార్పిడిచేసి తెచ్చుకొనిరి. కాన్పూరున మనవారు బ్రతికించిన విమానములను చూడవలెనన్న పరదేశముల కేగవలసివచ్చుచున్నది. మిగ్-21 విషయమున మన మనుమలు అట్లు ప్రయాణము కట్టుకొనవలసిన గతి పట్టరాదు.