ప్రింటరు చెడినచో మార్చవలసినది యంత్రమా, బోర్డా?

ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘముల లెక్కలను కంప్యూటర్ల కెక్కించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022వ సంవత్సరము జూన్ నెలలో ఆమోదించెను. 63,000 సంఘములకై 2,516 కోట్ల రూపాయలు అప్పుడు నిర్ణయింపబడినవి. లెక్కలు తేటపడుట కిది మేలైన మార్గమే. కాని కంప్యూటరులోని లెక్క కాగితముపైకి రానిచో రైతు చేతికి వచ్చు టెట్లు? ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతములందు పొలముపని విడిచి వచ్చిన రైతుతో "ప్రింటరు చెడినది, రేపు రండు" అనుట సులభము. ఆ రేపటి బస్సు ఖర్చును, పోయిన దినమును ఎవరు భరింతురు?

ఇట్టి సమయమున క్రొత్త యంత్రము కొనవలెనని తొందరపడుట కలదు. చెడిన భాగ మేదియో తేలక మునుపు సంఘధనమును వెచ్చింపరాదని మా అభిప్రాయము. ఆదోని జిన్నింగు మిల్లులో రోలరు అరిగినచో రోలరునే మార్తురు గాని జిన్నును పారవేయరు. మాచాని సోమప్పగారు 1938లో చేనేత సహకార సంఘమును స్థాపించిన ఎమ్మిగనూరున, నాడె విరిగినదని మగ్గమును విడిచిన నేతగా డెవ్వడు?

లేజరు ప్రింటరులో సాధారణముగా మూడు ముఖ్యమైన బోర్డులుండును. ఒకటి గోడనుండి వచ్చు కరెంటును లోపలి భాగములకు తగినట్లు మార్చును. రెండవది మోటార్లను, లేజరును, కాగితపు నడకను అదుపుచేయును. మూడవది ఫార్మాటరు, కంప్యూటరు పంపిన పుటను చుక్కలుగా మార్చి లేజరున కందించును. కొన్ని యంత్రములకు ఫార్మాటరుతో నిమిత్తము లేక పరీక్షాపత్రమును తీయు మీట కలదు. ఆ పత్రము చక్కగా వచ్చి, కేబులును కంప్యూటరును మార్చి చూచినను మన కాగితము రాకున్నచో, లోపము ఫార్మాటరునందే యుండవచ్చును. దీపమే వెలుగనిచో మొదట ప్లగ్గును, ఫ్యూజును, కరెంటు బోర్డును చూడవలెను.

ఫార్మాటరు బోర్డును మార్చుట తెలిసినవానికి పెద్దపని కాదు. పెక్కు యంత్రములందు అది కొన్ని మరలతోను, కేబుళ్లతోను బిగింపబడి యుండును. కాని ప్లగ్గు తీసి, యంత్రము చల్లారిన పిదపనే విప్పవలెను. సిరాపొడిని కాగితమున కంటించు భాగము చేయి కాలునంత వేడెక్కును. కరెంటు బోర్డులోని కెపాసిటర్లు ప్లగ్గు తీసిన పిదపను కొంతసేపు విద్యుత్తును నిలుపుకొనును గనుక, తెలియనివారు దానిని తాకరాదు. క్రొత్త బోర్డు నంబరు పాతదానితో సరిపోవలెను. చూపునకు ఒకే తీరున నున్నంత మాత్రమున చాలదు.

చెడిన పిదప మార్చుటకన్న చెడకుండ కాపాడుట మేలు. ఎర్తు సరిగా నుండవలెను. ఉరుములు మెరుపులు గల దినములందు ప్లగ్గు తీసి యుంచవలెను. కంప్యూటరునకు పెట్టిన చిన్న యూపీఎస్‌నకు లేజరు ప్రింటరును తగిలింపరాదు. వేడెక్కు వేళ నది లాగు కరెంటును ఆ యూపీఎస్ మోయలేదు.

క్రొత్తదానికి గ్యారంటీ యుండును గదాయని కొంద రందురు. వారి మాటలోను నిజము కలదు. బోర్డు వెలయు, కూలియు కలిసి క్రొత్త యంత్రపు వెలలో సగమును మించినచో క్రొత్తదే కొనవచ్చును. అప్పుడు పాతదానిని చెత్తలో వేయక, 2023 ఏప్రిల్ 1నుండి అమలులోనికి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థముల నియమముల ననుసరించి నమోదైన సంస్థల కప్పగింపవలెను.

కావున పాలకవర్గములకు మా మనవి యిది: ఏ భాగము చెడినదో, దాని వెల యెంతయో మరమ్మతుదారుచే వ్రాయించుకొనిన పిదపనే తీర్మానింపుడు. ఒకే రకపు ప్రింటర్లు గల ఇరుగుపొరుగు సంఘములు కలిసి ఒక బోర్డును నిలువ యుంచుకొనుడు; సహకార మనగా నిదియే గదా. యంత్రము బాగగు వరకు చేతివ్రాత రసీదు పుస్తకమును బల్లపై నుంచుడు. యంత్రము ఆగినను రైతు పని ఆగరాదు.