నొక్కితే 'టప్'!

టెక్కలి దగ్గర ఓ ఊళ్లో అమ్మవారి సంబరం అనుకోండి. రాత్రి పదకొండు దాటింది. ఆర్కెస్ట్రా మంచి ఊపు మీదుంది. పల్లవి మెత్తగా వాయించిన గిటారు కుర్రాడు, గరగరలాడే రాక్ శబ్దం కోసం కాలి దగ్గరి స్విచ్చు నొక్కాడు. స్పీకర్లోంచి 'టప్'! ముందు వరసలో నిద్రపోతున్న చంటిపిల్ల గుక్కపట్టింది. "ఏటి బావా, టపాకాయ పేల్చీసినావా?" అన్నాడు పక్కన ప్యాడ్లు వాయించేవాడు. కుర్రాడికి చెమటలు. తెల్లారేదాకా మళ్లీ ఆ స్విచ్చు జోలికి పోలేదు. వచ్చే ఏడు ఈ ఊరివాళ్లు వేరే పార్టీని మాట్లాడుకుంటే?

జముకు వాయించే తాతలకు ఈ బాధ లేదు. దానికి స్విచ్చే లేదు కదా!

ఒకే యాంప్లిఫయర్లో రెండు గొంతులు పెట్టి, కాలితో మార్చుకునే పద్ధతి 1970ల చివర్లో కాలిఫోర్నియాకు చెందిన మెసా బూగీ యాంపులతో బాగా పేరుకొచ్చింది. 'టప్' గొడవా దాంతోపాటే వచ్చింది.

ఎందుకొస్తుంది? గట్టుకు ఇటు మడి నిండుగా ఉంది, అటు మడి ఎండిపోయి ఉంది. గండి కొడితే నీళ్లు ఒక్కసారిగా దూకుతాయి. రెండు మడుల్లోనూ నీరు సమంగా ఉంటే గండి కొట్టినా చప్పుడుండదు. యాంపులోనూ అంతే. స్విచ్చుకు అటూ ఇటూ వోల్టేజి తేడా ఉంటే, నొక్కగానే ఆ తేడా స్పీకరును ఒక్క తన్ను తంతుంది. వాల్వులున్న యాంపులో ఒక దశకూ మరో దశకూ మధ్య కెపాసిటర్ కాపలా ఉంటుంది. పాటను పోనిచ్చి, వెనకున్న రెండు మూడొందల డీసీ వోల్టులను ఆపడం దాని పని. ముసలిదై కాస్త లీకైతే చాలు, వోల్టులు స్విచ్చుదాకా వచ్చేస్తాయి. దాన్ని మార్చాలి. కెపాసిటర్ మంచిదే అయినా దాని కొస గాలిలో వేలాడుతుంటే అదే తంటా. అక్కడి నుంచి గ్రౌండుకు ఒక మెగోమ్ రెసిస్టర్ కలిపితే నీటిమట్టం ఎప్పుడూ సమంగా ఉంటుంది. స్విచ్చు పని రిలే చేస్తుంటే, దాని కాయిల్‌కు అడ్డంగా డయోడ్ ఉందో లేదో చూడాలి. కొన్ని రూపాయల సరుకే, కానీ అది లేకపోతే రిలే ఆగిన ప్రతిసారీ కాయిల్ ఒక పోటు పొడుస్తుంది.

మెకానిక్ దగ్గరికి పరుగెత్తే ముందు ఇంట్లోనే ఓ పరీక్ష. గిటారునూ, పెడల్స్‌నూ పీకేసి నొక్కండి. చప్పుడు పోయిందా? తప్పు యాంపుది కాదు, పెడల్‌ది. కొన్ని పెడల్స్ ఆన్ చేశాక మొదటి ఒకట్రెండు నొక్కుల్లోనే టప్పుమని తర్వాత ఊరుకుంటాయి. పాట మొదలవకముందే నాలుగుసార్లు నొక్కేస్తే సరి. చప్పుడు పోలేదా? రెండు ఛానళ్ల వాల్యూమూ సున్నాకు తెచ్చి మళ్లీ నొక్కండి. అప్పుడూ అంతే గట్టిగా ఉంటే రోగం వాల్యూమ్ దాటాక ఎక్కడో ఉంది. ఈ ఒక్క ముక్క చెబితే పలాస-కాశీబుగ్గలో పెట్టె విప్పే మెకానిక్‌కు సగం పని తగ్గుతుంది.

బారువ, భావనపాడు వైపు మరో చిక్కుంది. ఉప్పుగాలికి జాకులు పచ్చగా చిలుమెక్కుతాయి. అప్పుడొచ్చేది 'టప్' కాదు, చిటపట. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి ప్లగ్గును పదిసార్లు దోపి తీయాలి. గరుకు కాగితంతో రుద్దితే పైపూత పోయి తుప్పు ఇంకా తొందరగా పడుతుంది.

ఇక ఇంట్లో పెద్దవాళ్లు వినాల్సిన మాట. వాల్వు యాంపు ప్లగ్గు పీకేసినా లోపలి కెపాసిటర్లలో ప్రాణం తీసేంత కరెంటు నిలిచి ఉండొచ్చు. పిల్లలు సొంతంగా విప్పకూడదు. గుర్రుమనే చప్పుడు పోతుందని మూడో పిన్ను విరిచేసేవాళ్లూ ఉంటారు. ఎర్తు పోతే తీగల మీద చెయ్యి, మైకు మీద పెదవి పెట్టినవాడి గతేంటి? 1972లో వేల్స్‌లోని స్వాన్‌సీలో లెస్ హార్వీ అనే గిటారిస్టు ఎర్తు సరిగా లేని మైకు ముట్టుకుని వేదిక మీదే చనిపోయాడు.

సంబరాల రోజుల్లో రిపేరుకు తీరికెక్కడిది? అందాకా యాంపును మెత్తని ఛానల్లోనే ఉంచి, గరగర కోసం విడిగా ఒక డిస్టార్షన్ పెడల్ వాడుకోవచ్చు. అదీ లేదంటే డ్రమ్ము దెబ్బ పడే క్షణంలోనే కాలు నొక్కేయడమే. 'టప్' ఆ దెబ్బలో కలిసిపోతుంది, చంటిపిల్ల లేవదు.